ఇంటి పక్కన కారు షెడ్డు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం, సొంత కారుకు చిన్నా పెద్దా పనులు ఇంటి వద్దనే చేసుకోవడానికి షెడ్డును ఎలా సిద్ధం చేసుకోవాలన్న విషయం మీదనే ఉన్నాయి. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. మిగిలిన జవాబులన్నీ మొదటి దానిపైనే ఆధారపడి ఉన్నందువల్ల దానిని కొంత వివరంగా రాయవలసి వచ్చింది.

ప్రశ్న: కళాశాలలో భౌతికశాస్త్రం బోధించి ఈ మధ్యనే పదవీ విరమణ చేశాను. నల్లగొండ పట్టణ శివారులో మా ఇంటి పక్కన 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు గల రేకుల షెడ్డు ఉన్నది. నేల మీద షాబాదు బండలు పరిచి ఉన్నాయి. 2008లో కొన్న మారుతి 800ను అమ్మడానికి మనసు రాలేదు. ఆయిలు మార్చడం, బ్రేకులు విప్పి శుభ్రం చేయడం వంటి పనులు నేనే చేసుకోవాలని ఉన్నది. నలభై వేల రూపాయల వరకు పెట్టగలను. ముందుగా ఏ పానాలు కొనమంటారు?
– నల్లగొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: అయ్యా, మీరు పానాలను అడిగారు కాని, మీ షెడ్డుకు కావలసిన వాటిలో అవి మూడోవి. మొదటిది నేల, రెండోది జాకీ స్టాండ్లు, అంటే ఎత్తిన కారును మోసి నిలిపే ఇనుప కాళ్లు. పానాల జాబితా కింద జడ్చర్ల విద్యార్థికి ఇచ్చిన జవాబులో ఉన్నది. ఈ రెండూ కుదిరేవరకు కారు చక్రం విప్పవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

షాబాదు బండ మనుషులు నడవడానికి, మంచాలు వేసుకోవడానికి చాలా చక్కనిది. నిలబెట్టిన కారును కూడా మోస్తుంది. ఎత్తిన కారు సంగతి వేరు. మారుతి 800 బరువు సుమారు 650 కిలోలు. ఇంజను ముందున్నది కాబట్టి ముందు మూలను ఎత్తినప్పుడు రెండు వందల కిలోలకు పైబడిన బరువంతా అరచేయంత జాకీ అడుగు మీద నిలుస్తుంది. బండ కింద పరిచిన ఇసుక ఏళ్ల తరబడి చీమలు తోడి, నీళ్లు దిగి, అక్కడక్కడ బోలుగా మారి ఉంటుంది. బోలు ఎక్కడున్నదో పైకి కనిపించదు. పానా కొనతో తట్టి చూస్తే కొన్ని బండలు డొల్లగా మోగడం మీరే వినవచ్చు.

జడ్చర్లలో మేము అద్దెకున్న ఇంటి ముందు నాకు ఇదే జరిగింది. వెనుక బ్రేకు షూలు మార్చడానికి చక్రం తీసి గోడకు ఆనించి పెట్టాను. పానా అందుకోవడానికి వెనక్కి తిరిగిన క్షణంలో జాకీ కింది బండ టప్పుమని పగిలింది, జాకీ ఒరిగింది, కారు వచ్చి బ్రేకు డ్రమ్ము మీద కూర్చున్నది. డ్రమ్ము అంచు పక్క బండలో గోరు మునిగేంత గాడి చేసింది. అంతకు ముందు క్షణం వరకు నా ఎడమచేయి ఆ డ్రమ్ము కిందనే ఉన్నది. ఇన్నేళ్లకూ షాబాదు బండ మీద జాకీ పెట్టిన కారును ఎక్కడ చూసినా ఆగి చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

షెడ్డంతా తవ్వనక్కరలేదు. కారు నిలిచే మేర, అంటే 8 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవున బండలు లేపించి, మొరం పోసి తడిపి దిమ్మిస కొట్టించి, దాని మీద 5 అంగుళాల మందాన కాంక్రీటు వేయించండి. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు 20 మిల్లీమీటర్ల కంకర చొప్పున కలిపితే ఈ మేరకు సుమారు 11 బస్తాల సిమెంటు పడుతుంది. మడులు కట్టి పది రోజులు నీళ్లు నిలపండి. మన ఎండల్లో ఈ తడుపు దగ్గర అశ్రద్ధ చేసినందువల్లనే చాలా నేలలు మొదటి ఏడాదికే పొడి రాలుతుంటాయి. 28 రోజులు గడిచిన తరువాతనే కారును దాని మీద నిలిపి ఎత్తండి. మేస్త్రీ అలవాటుగా పైన సిమెంటు పాలు పోసి నున్నగా తాపీ లాగుతాడు. వద్దని ముందే చెప్పండి. నూనె చుక్క పడితే నున్నటి నేల మీద కాలు నిలవదు. పచ్చిగా ఉన్నప్పుడు చీపురుతో ఒకసారి లాగిస్తే చాలు. వాటం మాత్రం గుమ్మం వైపు మొత్తం పొడవుకు ఒక అంగుళానికి మించకుండా చూసుకోండి. అంతకన్నా వాలుగా ఉంటే చక్రాలున్న జాకీ తనంతట తానే కదులుతుంది.

లేపిన బండలను గోడ పక్కన నడిచే చోట మళ్లీ పరుచుకోవచ్చు. బ్యాటరీని మాత్రం వాటి మీద పెట్టవద్దు. షాబాదు బండ సున్నపురాయి జాతి కాబట్టి ఆమ్లం చుక్క పడిన చోట నురగ పొంగి, ఆరిన తరువాత తెల్లటి మచ్చగా గుంట పడుతుంది.

ఇక స్టాండ్లు. జాకీ కారును ఎత్తడానికే తప్ప ఎత్తి నిలపడానికి కాదు. లోపలి సీలు అరిగితే నూనె జారి, కారు మీకు తెలియకుండా వేలెడు వేలెడు చొప్పున దిగుతూ వస్తుంది. రెండు టన్నుల జాకీ స్టాండ్లు ఒక జత, వీలైతే రెండు జతలు కొనండి. చక్రాలున్న ట్రాలీ జాకీ రెండు టన్నులది మీ కారుకు సరిపోతుంది. ఇటుకలు, సిమెంటు ఇటుకలు, బండరాళ్ల ముక్కలు కారు కింద పేర్చే అలవాటు మన వైపు చాలా ఉన్నది. సిమెంటు ఇటుక వంగి హెచ్చరించదు; ఒక్కసారిగా పొడి అవుతుంది. అడ్డంగా పేర్చిన మందపాటి చెక్క దిమ్మెలు వాటికన్నా ఎంతో మేలు.

ఎత్తే పద్ధతికి ఒక క్రమం ఉన్నది. చేతి బ్రేకు వేసి, గేరులో ఉంచి, ఎత్తని వైపు చక్రానికి ముందూ వెనుకా చెక్క దిమ్మెలు పెట్టాలి. నేల మీద ఉండగానే చక్రం నట్లను పావు తిప్పు వదులు చేయాలి. కారు పక్క అడుగున, చక్రాలకు దగ్గరగా, రేకు రెండు పొరలుగా కలిసి గట్టిపడిన చోట్లు ఉంటాయి. వాటి కిందనే జాకీ పెట్టి ఎత్తి, స్టాండు చేర్చి, బరువు స్టాండు మీదకు దించాలి. అప్పుడు భుజం ఆనించి కారును గట్టిగా నెట్టి చూడాలి. కదిలితే, పని మొదలుపెట్టకముందే కదలడం మంచిది. విప్పిన చక్రాన్ని గోడకు ఆనించక కారు అంచు కిందకు అడ్డంగా జరపండి. జడ్చర్లలో నేను ఆ ఒక్క పని చేసి ఉంటే కారు చక్రం మీద ఆగేది. ఇంట్లో ఎవరూ లేని వేళ కారు కిందకు వెళ్లవద్దు. వెళ్లేముందు ఒకరికి చెప్పి వెళ్లండి.

మీ షెడ్డు కొలతలకు వస్తే, మారుతి 800 వెడల్పు నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాలు, పొడవు పదకొండు అడుగులు. కారును నట్టనడుమ నిలపకుండా ఒక గోడ వైపు జరిపితే రెండో వైపు నాలుగున్నర అడుగులకు పైగా పనికి దొరుకుతుంది. ఎదుటి గోడకు రెండడుగుల వెడల్పు బల్ల కట్టించుకోండి. పాత ఇంటి టేకు తలుపు ఉంటే అంతకన్నా మంచి బల్ల ఉండదు. నిలబడి చేతులు వేలాడదీసినప్పుడు మణికట్టు వచ్చే ఎత్తులో బల్ల ఉండాలి. వస్తువును బిగించి పట్టే నాలుగంగుళాల బెంచి వైసును బల్ల నడుమ కాక, కాలు ఉన్న మూల మీద బోల్టులతో బిగించండి. లేకపోతే బలంగా తిప్పిన ప్రతిసారీ చెక్క ఊగుతుంది.

వేసవిలో మన జిల్లాలో 44 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. రేకుల కింద, అందులోనూ పై అరలో, వేడి ఇంకా ఎక్కువ. స్ప్రే డబ్బాల మీద 50 డిగ్రీలు దాటనీయరాదని రాసి ఉంటుంది. వాటిని కింది అరలో, వీలైతే ఇంటి లోపల పెట్టండి. చుట్టూ వరి పొలాలుంటే ఎలుకలు షెడ్డులో చేరి వైర్లు కొరుకుతాయి. తలుపు కింది సందును రేకు ముక్కతో మూసివేయించండి. గాలి ఆడడానికి ఎదురెదురు గోడల్లో జాలీలు ఉండాలి. ఒకటి నేలకు దగ్గరగా, ఒకటి కప్పుకు దగ్గరగా ఉంటే మంచిది.

ప్రశ్న: మాది నడిగడ్డ, అలంపూర్ దగ్గర పల్లె. షెడ్డులో గుంత తవ్వించుకుంటే ఆయిలు మార్చడం సులువని మెకానిక్ చెప్పాడు. నేల నల్లరేగడి. ఎంత లోతు తవ్వించాలి?
– జోగులాంబ గద్వాల జిల్లా నుంచి ఒక రైతు

జవాబు: తవ్వించవద్దు. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకొని నెర్రెలు విచ్చుతుంది. ఆ ఒత్తిడికి గుంత పక్క గోడలు రెండు మూడేళ్లలోనే లోపలికి ఒరుగుతాయి. అడుగున వాన ఊట చేరుతుంది. తట్టుకొనేలా కాంక్రీటుతో కట్టిస్తే అయ్యే ఖర్చు మీ ఇంటి పనికి అక్కరలేనిది.

ఖర్చును పక్కన పెట్టినా, గుంతలో అసలు భయం గాలితోనే ఉన్నది. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువైనది. పైన ఎక్కడో పైపు నుంచి చుక్క చుక్కగా కారిన పెట్రోలు ఆవిరై, నీళ్లలాగా గుంతలోకి దిగి అడుగున నిలుస్తుంది. ఎల్‌పీజీ కూడా అంతే. ఆ కిట్టు ఉన్న కారును గుంత మీదకు ఎప్పుడూ తేవద్దు. అందులో వేలాడే బల్బు పగిలినా, గ్రైండరు నిప్పురవ్వ పడినా లోపలున్న మనిషికి బయటకు రావడానికి ఒకే దారి ఉంటుంది, దాని మీద కారు నిలిచి ఉంటుంది. ఇంజను నడుస్తుంటే పొగగొట్టం నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి మొదలైనప్పుడే బయటకు రాకపోతే ఆ తరువాత లేచి నడిచే శక్తి ఉండదు. ఈ మాట గుంతకే కాదు, తలుపులు మూసిన ఏ షెడ్డుకైనా వర్తిస్తుంది.

మీకు కావలసినది ఇనుప ర్యాంపుల జత. ముందు చక్రాలను వాటి మీదకు ఎక్కించి, వెనుక చక్రాలకు దిమ్మెలు పెడితే ఆయిలు మార్చడానికి కావలసినంత చోటు దొరుకుతుంది. ఎక్కించేటప్పుడు బయట ఒకరు నిలబడి చూస్తూ చెప్పాలి. ఇప్పటికే గుంత ఉన్నవారు, వాడనప్పుడు దాని మీద మందపాటి పలకలు పరిచి ఉంచండి. పిల్లలూ దూడలూ తిరిగే వాకిళ్లు మనవి.

ప్రశ్న: టైర్లకు గాలి పట్టడానికి, ఫిల్టర్లు ఊదడానికి ఒక హార్స్ పవర్ కంప్రెసరు కొన్నాను. ఇంటి ప్లగ్గు నుంచి పొడవైన వైరు లాగి వాడుతున్నాను. ఒకటి రెండుసార్లు ట్యాంకు ముట్టుకుంటే జిల్లుమన్నది. ఏం చేయాలి?
– సూర్యాపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఈ ఉత్తరం చదివిన వెంటనే కంప్రెసరు ప్లగ్గు తీసివేయండి. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేవరకు మళ్లీ పెట్టవద్దు.

ట్యాంకు జిల్లుమన్నదంటే మోటారులో కరెంటు బయటి రేకుకు తగులుతున్నది, మీ ఎర్తు దానిని లాగివేయడం లేదు అని అర్థం. మన ప్రాంతంలో అడుగున గ్రానైటు రాయి ఉండటం వల్ల చాలా ఇళ్లకు ఎర్తు గుంతలు లోతుగా తీయరు. బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసి పైపు పాతినా వేసవిలో ఆ మట్టి ఎండిపోయి ఎర్తు పనిచేయడం మానుతుంది. మార్చి నుంచి వానలు పడేవరకు వారానికి రెండుసార్లు ఆ గుంతలో ఒక బిందె నీళ్లు పోయడం మన పెద్దలు ఊరికే పెట్టిన అలవాటు కాదు. ఎర్తును మీటరుతో కొలిపించండి. బల్బు పెట్టి వెలిగించి చూపిస్తే సరిపోదు.

షెడ్డుకు ఇంటి బోర్డు నుంచి వేరే లైను లాగించి, దానికి తగిన ఎంసీబీతో (కరెంటు మోతాదు మించితే సరఫరా ఆపే స్విచ్చు) పాటు 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ తప్పక పెట్టించండి. మనిషి శరీరం గుండా కరెంటు నేలకు పోతున్నదని గుర్తించి క్షణంలో సరఫరా ఆపేది అదే. ఎంసీబీ ఆ పని చేయదు. ఒక హార్స్ పవర్ మోటారు నడిచేటప్పుడు సుమారు 750 వాట్ల పని చేసినా, మొదలయ్యే క్షణంలో అంతకు ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. అందువల్ల సన్నటి పొడవైన వైరు వేడెక్కుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, పెద్ద ప్లగ్గు వాడండి. కారు కింద పట్టుకొనే దీపం మాత్రం 230 వోల్టులది వద్దు. ఛార్జింగ్ ఎల్‌ఈడీ లైటు లేదా తలకు కట్టుకొనే లైటు చాలు.

పని ముగిసిన తరువాత ట్యాంకు అడుగు మరను విప్పి నీళ్లు వదలండి. వానాకాలంలో ఆ నీళ్లు గ్లాసుడు వస్తాయి, అవి లోపలే నిలిస్తే రేకు తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ట్యాంకులో గాలి నింపడం చాలా ప్రమాదం.

ప్రశ్న: వందకు పైగా వస్తువులున్న టూల్ సెట్టు పెట్టె మీద తగ్గింపు ఉన్నది. కొనవచ్చునా?
– జడ్చర్ల నుంచి ఒక విద్యార్థి

జవాబు: బాబూ, అందులో సగం నీ చేతికి ఎప్పటికీ రావు. 8 నుంచి 19 మిల్లీమీటర్ల వరకు రింగు పానాలు, అవే కొలతలకు సాకెట్లు, వాటిని తిప్పే రాట్చెట్టు, రెండు పొడవుల ఎక్స్‌టెన్షన్లు, మంచి స్క్రూ డ్రైవర్లు, కటింగ్ ప్లేయరు, రబ్బరు సుత్తి, ఇవి ముందు కొనుక్కో. మారుతి కార్లలో ఎక్కువగా 10, 12, 14, 17 పడతాయి. చక్రం నట్లకు 19. హ్యుందాయ్ చక్రాలకు 21 కావాలి. వారం రోజులు నువ్వు చేసే పని చూసుకొని మిగిలినవి ఒక్కొక్కటిగా చేర్చుకోవచ్చు. సికింద్రాబాద్ రాణీగంజ్‌కు వెళ్లగలిగితే విడివిడిగా చేతిలో పట్టి, బరువు చూసి కొనుక్కోవచ్చు. ఒక్క వస్తువు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు: టార్క్ రెంచి, అంటే నట్టును కొలిచినంత బిగువుతోనే బిగించే పానా. కారుతో ఇచ్చిన పుస్తకంలో చక్రం నట్లకు ఎంత బిగువు కావాలో న్యూటన్ మీటర్లలో రాసి ఉంటుంది. పానా మీద కాలుపెట్టి తొక్కే అలవాటు వల్ల బోల్టు మరలు సాగి, ఒకరోజు దారిలో పంక్చరు అయినప్పుడు నట్టు ఊడి రాదు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంట్లోనే కారు ఆయిలు మారుస్తున్నాడు. తీసిన నల్లటి ఆయిలును దొడ్డి గుంజలకు చెదలు పట్టకుండా పూస్తాడు, మిగిలినది దుమ్ము లేవకుండా వాకిట్లో చల్లుతాడు. బోరు అక్కడికి పది గజాల్లోనే ఉన్నది. చెబితే వినడం లేదు. పత్రికలో రాస్తే వింటాడని రాస్తున్నాను.
– దేవరకొండ నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ భయం న్యాయమైనది. ఈ జవాబును మీ అబ్బాయికి చూపించండి.

బాబూ, ఇంజనులో తిరిగిన ఆయిలు కొత్త డబ్బాలోని ఆయిలు కాదు. అందులో ఇంజను లోపల అరిగిన లోహపు పొడి, కాలిన మసి, చర్మానికి హాని చేసే పదార్థాలు కలిసి ఉంటాయి. ఒక్కసారికి మూడు లీటర్లే కదా అనిపించవచ్చు. వానకు అది మట్టిలోకి దిగి, రాతి పగుళ్ల వెంట బోరు వైపు సాగుతుంది. ఫ్లోరైడుతో తరతరాలు ఎముకలు వంగిన జిల్లా మనది. అది రాతి నుంచి వచ్చిన కష్టం, దానిని మనం తేలేదు. ఇంకొక విషాన్ని మన చేతులతో ఆ నీళ్లకు చేర్చవద్దని వేడుకుంటున్నాను. వాడిన ఆయిలును 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు కూడా ప్రమాదకర వ్యర్థంగానే లెక్కిస్తున్నాయి. తీసిన ఆయిలును కొత్త ఆయిలు వచ్చిన డబ్బాలోనే తిరిగి పోసి, మూత బిగించి, మీద రాసి ఉంచు. పెద్ద సర్వీసు కేంద్రాలు తమ ఆయిలును అనుమతి ఉన్న శుద్ధి సంస్థలకు ఇస్తాయి; అక్కడివారితో మాట్లాడి నీ డబ్బాను కూడా వాళ్ల పీపాలో చేర్పించు. నీళ్లు గాని, ఇంజనును చల్లబరిచే కూలెంటు గాని అందులో కలపకు. కలిస్తే ఎవరూ తీసుకోరు.

నేల మీద ఒలికిన ఆయిలుకు ఇసుక చల్లు, లేదా రైసుమిల్లుల వద్ద దొరికే ఊక బూడిద చల్లు. ఊక బూడిద నూనెను చక్కగా పీల్చుకుంటుంది. చల్లేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకో, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఊడ్చిన బూడిదను, నూనె తుడిచిన గుడ్డలను మూత ఉన్న రేకు డబ్బాలో వెయ్యి. తలుపు పక్కన, చేతికందే ఎత్తులో ఐఎస్‌ఐ గుర్తు ఉన్న మంటలార్పే నాలుగు కిలోల ఏబీసీ పొడి సిలిండరు తగిలించు. దాని ముల్లు పచ్చగీతలో ఉన్నదో లేదో నెలకొకసారి చూడు. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే పెట్రోలు నీళ్ల మీద తేలి మంటను ఇల్లంతా మోసుకుపోతుంది.

రేడియేటరులోకీ, బ్యాటరీలోకీ మీ బోరు నీళ్లు పోస్తున్నావేమో. ఆ నీళ్లలోని లవణాలు రేడియేటరు సన్నటి గొట్టాల్లో పొలుసులా కడతాయి, బ్యాటరీ పలకలను పాడుచేస్తాయి. బ్యాటరీకి డిస్టిల్డ్ వాటరు, రేడియేటరుకు కారు పుస్తకంలో చెప్పిన కూలెంటు తప్ప మరొకటి వద్దు.

అమ్మా, చివరి మాట మీతోనే. కూలెంటు తియ్యగా ఉంటుంది. పళ్లెంలో వదిలితే కుక్కలు, పిల్లులు నాకుతాయి. కొద్దిగా లోపలికి పోయినా మూత్రపిండాలు చెడి చనిపోతాయి. మనుషులకూ అది అంతే విషం. అబ్బాయి కూలెంటు మార్చే రోజున పళ్లెం ఖాళీ చేసి, డబ్బా మూత బిగించి, నేలను నీళ్లతో కడిగేవరకు దూడను కట్టివేసి, మనవలను ఆ వైపు రానీయకండి. ఆ కూలెంటును కూల్‌డ్రింకు సీసాల్లో మాత్రం ఎన్నడూ పోయనీయవద్దు.